చిల్లు

మా ఊరి పేరు రెయిన్‌బో.
విక్టోరియా రాష్ట్రంలో, ఎర్ర ఇసుక నేలల మధ్య.
పేరులోనే ఇంద్రధనుస్సు.
నలభై నాలుగు నాటికి దాన్ని చూసి మూడేళ్ళయింది.

గోధుమ మోకాలెత్తు రాకముందే తలవాల్చింది.
గాలి లేస్తే పక్కవాళ్ళ పొలం
మా రొట్టె మీదికి వచ్చి కూర్చునేది.
అమ్మ దులిపి, వెన్న రాసి,
"వెర్నర్ వాళ్ళ మట్టేలే, తినండి" అనేది.

అన్న క్లెమ్ న్యూగినీలో ఉన్నాడు.
ఎక్కడ అని అడక్కండి, మాకూ తెలీదు.
పోస్టాఫీసు డల్సీ గారు ఉత్తరమైతే మమ్మల్ని రమ్మనేది,
తంతి అయితే తనే నడిచి వచ్చేది.
అందుకే ఆవిడ గొడుగేసుకుని ఎటు కదిలినా
ఆ వీధి ఊపిరి బిగపట్టేది.

ఉత్తరాల్లో ఎవరో ఆఫీసరు
బ్లేడుతో కోసిన కిటికీలు:

    మేం ఇప్పుడు ————— దగ్గర ఉన్నాం.
    కాళ్ళు బాగానే ఉన్నాయి.
    ఇక్కడ ——— ఆగడం లేదు,
    పగలూ రాత్రీ అదే. నాన్నకి చెప్పండి.

ఏం ఆగడం లేదు?
కాల్పులు, అంది అమ్మ, అని నాలిక కరుచుకుంది.
నాన్న మాతో ఏమీ అనలేదు.
జ్వరమేమో అని గుర్రంతో అంటుంటే విన్నాను.

నాకు పదకొండేళ్ళు. ఆ కాగితాన్ని
కంటికి ఆనించుకుని ఇల్లంతా తిరిగాను.
చిల్లులో ఏది పడితే అన్న అక్కడ.
మేం ఇప్పుడు ఎండిన తొట్టి దగ్గర ఉన్నాం.
మేం ఇప్పుడు కుంటి గొర్రె దగ్గర ఉన్నాం.
మేం ఇప్పుడు అమ్మ ఏప్రాన్ జేబు దగ్గర ఉన్నాం.

అమ్మ చూసి కొట్టబోయింది.
తర్వాత తనే లాక్కుని
దానిలోంచి చాలాసేపు
పొయ్యివైపు చూసింది.

నెలకో కేకు. చక్కెర కూపన్లు పోగేసి,
వెర్నర్ గారామె తన వాటా ఎండుద్రాక్ష ఇస్తే,
రేకు డబ్బాలో పెట్టి, తెల్లగుడ్డ చుట్టి
దబ్బనంతో కుట్టేది అమ్మ.
చెరగని పెన్సిలు నాలిక మీద తడిచేసి
గుడ్డ మీద వాడి నంబరూ పేరూ రాసేది.
ఆ రోజు ఆమె నాలిక ఊదారంగు.
ఆ రోజు నాన్న పేచీ పెట్టుకునేవాడు కాడు.

"కేకు అందింది," రాశాడు అన్న.
"చీమలు ముందు తిన్నాయి. మన ఊరి చీమలో
ఈ ఊరివో తేల్చలేక
వాటితో సహా తినేశాం, ఏడుగురం."
తర్వాతి ఉత్తరంలో "నలుగురం" అని ఉంది.
దాన్నెవరూ కోయలేదు.

నలభై అయిదు చివర్లో రైలు దిగాడు,
పసుపు పూసినట్టున్న మొహంతో. మలేరియా మాత్రల రంగట.
భోజనాల దగ్గర నేనే అడిగాను,
అమ్మ బల్ల కింద నా కాలు తొక్కుతున్నా:
ఏం ఆగడం లేదని రాశావు?

ఉప్పు గిన్నెను అటూ ఇటూ తిప్పాడు.
"వాన," అన్నాడు.
"నాన్న సంతోషిస్తాడనుకున్నాను."

నాన్న చెంచా దించాడు.
ముందు నవ్వుతున్నాడనుకున్నాను.
లేచి వెళ్ళి, గొడ్లు లేని కొట్టంలో
దీపం లేకుండా నిల్చున్నాడు.

ఆ మార్చిలో ఒక రాత్రి
రేకు కప్పు మీద ఎవరో
గుప్పెడు గోధుమలు విసిరినట్టు. తర్వాత గోనెలు గుమ్మరించినట్టు.
ఆకాశానికి చిల్లు పడిందంటారే, అది.
వెర్నర్ ముసలాయన బనియనుతో రోడ్డెక్కాడు.
అమ్మ బాల్చీలు పెట్టింది, గంగాళం పెట్టింది,
చివరికి టీ కప్పులు కూడా.
నాన్న పెరట్లో నోరు తెరుచుకుని.

క్లెమ్ మంచం కింద ఉన్నాడు.
బూట్లతో. మోకాళ్ళు గడ్డానికి ఆన్చి
ఏదో లెక్కపెడుతున్నాడు.
ఏడు దాకా వచ్చి, మళ్ళీ ఒకటి.

నేనూ దూరాను మంచం కిందికి.
ఈసారి ఏమీ అడగలేదు.
బయట నాన్న కేకలు: "క్లెమ్! రారా! వచ్చి చూడరా!"
వస్తున్నాడు నాన్నా, అని నేనే అరిచాను.

తెల్లవార్లూ ఆగలేదు.